ఎయిర్‌బ్రష్ కప్పులో బుడగలు, వెనక్కి రాని ట్రిగ్గర్: కడగడంలో నేను చేసిన తప్పేమిటి?

ప్రశ్న (హన్మకొండ)

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో వినాయక విగ్రహాలకు రంగులు వేసే పనిలో ఉన్నాను. పెద్ద భాగాలకు స్ప్రే గన్ వాడినా, కళ్లు, బుగ్గల మీది నీడలు, తొండం మీది ముడతలు వచ్చేసరికి 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న, పైన కప్పు గల డబుల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్‌నే పట్టుకుంటాను. ఇది గాలితో రంగును సన్నగా చిమ్మే, పెన్నులా పట్టుకునే పరికరం; ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వస్తాయి. వాడేది నీటితో పలుచన చేసే యాక్రిలిక్ రంగు. పని ముగిశాక కప్పులో నీళ్లు పోసి ఊదడం తప్ప ఇన్నాళ్లూ వేరే శుభ్రత ఏదీ పాటించలేదు.

గత వారం రంగు తుంపర్లుగా పడుతుంటే, తెలిసిన పెయింటర్ ఒకరు చెప్పారని బ్రష్ మొత్తాన్ని నైట్రోసెల్యులోజ్ పెయింట్లను పలుచన చేసే ఘాటైన ఎన్.సి. థిన్నర్‌లో రాత్రంతా నానబెట్టాను. పొద్దున తీసి, నాజిల్‌ను కటింగ్ ప్లేయర్‌తో గట్టిగా బిగించాను. ఇప్పుడు కప్పులో రంగు బుడగలు కక్కుతోంది, వెనక్కి లాగిన ట్రిగ్గర్ తిరిగి ముందుకు రావడం లేదు, లాగకుండా గాలి మాత్రమే నొక్కినా రంగు సన్నగా వస్తూనే ఉంది. చవితి దగ్గర పడింది. ఇది బాగుపడుతుందా, లేక కొత్తది కొనుక్కోవలసిందేనా?

జవాబు 1 (కరీంనగర్, బైకు ట్యాంకుల మీద బొమ్మలు వేస్తాను)

అన్నా, మీరు మూడు ఇబ్బందులు చెప్పారు కానీ, నా లెక్కన అవి రెండే. ట్రిగ్గర్ తిరిగి రాకపోవడం, లాగకుండానే రంగు రావడం ఒకే కారణం వల్ల జరుగుతున్నాయి. ట్రిగ్గర్ వదలగానే వెనకనున్న స్ప్రింగు, బ్రష్ లోపల పొడవునా ఉండే సూదిని ముందుకు తోసి నాజిల్ నోటిని మూయాలి. కప్పుకు, ట్రిగ్గర్‌కు మధ్య సూది దూరి వెళ్లే చోట, రంగు వెనక్కి రాకుండా ఆపే చిన్న రింగు ఒకటి ఉంటుంది. అది టెఫ్లాన్‌ది అయితే థిన్నర్‌కు లొంగదు, రబ్బరుది అయితే రాత్రంతా నానితే ఉబ్బి సూదిని పట్టేసుకుంటుంది. స్ప్రింగుకు అంత బలం ఉండదు కనుక సూది మధ్యలోనే ఆగిపోతుంది, నాజిల్ తెరుచుకునే ఉంటుంది. దీనికి తోడు, థిన్నర్‌లో కరిగిన పాత రంగు ట్రిగ్గర్ కిందనున్న గాలి వాల్వులోకి కూడా చేరి ఉండవచ్చు. బ్రష్‌ను నిలువునా ముంచకూడదని అనడం ఇందుకే. నానబెట్టదలిస్తే రబ్బరు లేని లోహపు భాగాలను విడదీసి, వాటిని మాత్రమే, కొద్ది నిమిషాలు నానబెట్టండి.

బుడగల సంగతి వేరు. రంగు దారిలోకి గాలి చొరబడితేనే కప్పులో బుడగలు వస్తాయి. నాజిల్ సరిగా కూర్చోకపోవడం, నాజిల్ మీది మూతి (క్యాప్) వదులుగా ఉండడం, నాజిల్ చీలడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. కటింగ్ ప్లేయర్ మాట చదవగానే నాకు మూడోదే అనిపించింది. మరలతో బిగించే నాజిల్ చాలా పలుచగా ఉంటుంది, బ్రష్‌తో ఇచ్చే చిన్న రెంచితో, రెండు వేళ్ల బలంతో బిగిస్తే చాలు. భూతద్దం కింద పెట్టి చూడండి, చీలిక ఉంటే కనిపిస్తుంది. నాజిల్ లోపల పిన్నీసు, కుట్టు సూది మాత్రం తిప్పవద్దు, నోరు కాస్త విరిసినా గీత సన్నగా రాదు.

జవాబు 2 (నిర్మల్, కొయ్య బొమ్మల పని)

పైన చెప్పినదంతా సరైనదే. అయితే అసలు తుంపర్లు ఎందుకు మొదలయ్యాయో ఎవరూ అడగలేదు. యాక్రిలిక్ రంగు సూది మొన మీద నిమిషాల్లో ఆరిపోతుంది, ఆరిన తర్వాత నీటికి కరగదు. అందుకే సాయంత్రం కడిగే కడుగుడు కంటే పని మధ్యలో చేసే తుడుపే ముఖ్యం. నేను పక్కనే తడి కుంచె ఒకటి ఉంచుకొని, అయిదు పది నిమిషాలకు ఒకసారి మొన తుడుస్తాను. రంగు మార్చేటప్పుడు కప్పు తుడిచి, నీళ్లు పోసి, మూతికి గుడ్డ అడ్డం పెట్టి మెల్లగా గాలి వదిలితే, అది వెనక్కి తన్ని కప్పులో బుడగలుగా లేస్తుంది, లోపలి రంగు పైకి వస్తుంది. మనం కావాలని చేస్తే అది కడగడం, దానంతట అది జరిగితే జబ్బు! నీళ్లు తేటగా వచ్చేదాకా రెండు మూడు సార్లు అలా చేసి, చివరకు సూది తీసి తుడవాలి. లాగే ముందు మొన శుభ్రంగా ఉండాలి, లేకపోతే ఆ రంగంతా పోయి రింగు దగ్గరే పేరుకుంటుంది. నీటికి లొంగని పొర ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే మెత్తబడుతుంది.

రోజూ నాజిల్ విప్పమని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. విప్పిన ప్రతిసారీ మరలు అరుగుతాయి, నాజిల్ జారి కింద పడే ప్రమాదమూ ఉంటుంది. ధార తేడాగా వచ్చిన రోజున విప్పితే చాలు.

మీ పని వానాకాలంలో సాగుతుంది కనుక ఇంకొకటి గమనించండి. కంప్రెషర్‌లో వేడెక్కిన గాలి పైపులో చల్లబడి నీరు వదులుతుంది, ఆ చుక్కలు కూడా తుంపర్లలాగే పడతాయి. ట్యాంకు అడుగు నీటిని రోజూ వదలండి, నీటి ఫిల్టర్‌ను కంప్రెషర్ దగ్గర కాకుండా బ్రష్ వైపు బిగించండి. ఇక సూదికి వంటనూనె, సిలికాన్ స్ప్రే పూయకండి, ఎయిర్‌బ్రష్‌కని అమ్మే నూనె ఒక్క చుక్క చాలు. సిలికాన్ రంగులో కలిస్తే విగ్రహం మీద కన్నాల్లాంటి మచ్చలు పడతాయి.

జవాబు 1 (మళ్లీ)

నాజిల్ విషయంలో నిర్మల్ అన్నతో నాకు కొంత భేదముంది. ట్యాంకుల మీద వాడే ఆటో పెయింట్లు నాజిల్ లోపల గట్టి పొర కడతాయి కనుక నేను రోజూ విప్పక తప్పదు. నీటి రంగులకు ఆయన మాటే సరి. థిన్నర్ ఊదేటప్పుడు మాత్రం ముఖానికి గుడ్డ కట్టుకోవడం చాలదు, కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు వేసుకోండి, షెడ్డు తలుపు తెరిచి ఉంచండి, దగ్గరలో బీడీ కూడా వెలగకూడదు.

ప్రశ్న అడిగినవారు (నాలుగు రోజుల తర్వాత)

భూతద్దంలో చూస్తే నాజిల్ నోటి దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించింది. రింగు ఉబ్బి సూదిని నిజంగానే పట్టేసుకుంది. సూది మొన కూడా కొద్దిగా వంగితే, అద్దం మీద వేలితో దొర్లించి, 2000 నంబరు ఎమరీ కాగితాన్ని నీటితో తడిపి మెల్లగా రుద్దాను. నాజిల్, రింగు కొత్తవి తెప్పించి వేశాక బుడగలు ఆగిపోయాయి, ట్రిగ్గర్ వదలగానే సూది టక్కున మూసుకుంటోంది. రాత్రి ఒక విగ్రహానికి రెండు కళ్లూ వేశాను. ఎడమ కంటి అంచున ఒక చుక్క పడింది, పైపులోని నీరే అనుకుంటున్నాను, ఫిల్టర్ ఇంకా కంప్రెషర్ దగ్గరే ఉంది.