సమస్యాపూరణం: ‘పూవు లేని తోట పూల తోట’

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇది. ఆటవెలదిలో నాలుగో పాదం. పై మూడు పాదాలూ మీరు కట్టి, పొసగనట్టుండే ఈ మాటకు అర్థం కుదర్చాలి.

*పూవు లేని తోట పూల తోట*

క్రిస్మస్ సెలవులు మొదలయ్యాయి, వాటి వెనకే సంక్రాంతి సెలవులు. బెజవాడలోనూ గుంటూరులోనూ పార్కులన్నీ పిల్లలతో, ఊళ్ల నుంచి దిగిన చుట్టాలతో కిటకిటలాడుతున్నాయి. నా కోరిక ఒకటే. పద్యం కట్టేముందు ఒక పూట తోటకు వెళ్లి రండి. పేరుపలక ఉంటే చదవండి, ఆ తర్వాత మొక్క దగ్గర వంగి చూడండి. ఈ సమస్యకు జవాబు నిఘంటువులో కంటే కుండీలో దొరుకుతుందని నా నమ్మకం.

కొత్తవాళ్ల కోసం: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే లఘువు, గురువు అనే పొట్టి, పొడుగు అక్షరాల జట్టు). రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది జత కుదరాలి. దానికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది. ఇచ్చిన పాదాన్ని ముట్టుకోవద్దు.

పటమట కోడలు:
మా ఆడపడుచు పిల్లల్ని తీసుకుని పొద్దున్నే పార్కుకు వెళ్లొచ్చాం. వచ్చీ రాగానే రాశాను.

*సెలవు లిచ్చినారు చిన్నారు లందఱు*
*పార్కులోన పరుగు పందెమాడ*
*కొమ్మ మోడు గాని గుంపైన నవ్వులు*
*పూవు లేని తోట పూల తోట*

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, నడక హాయిగా ఉంది. గణాలు సరిపోయాయి, యతులన్నీ కుదిరాయి. ఒక్క మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. ‘కొమ్మ మోడు’ అన్నారు. మీరు పొద్దున చూసిన చెట్లలో మోడైనది ఒక్కటైనా ఉందా? మనకిప్పుడు హేమంతం, మార్గశిర పుష్యాలు. ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. డిసెంబరులో చెట్లు మోడువారడం మంచు దేశాల బొమ్మ. మన కృష్ణ ఒడ్డున ఈ నెలలో వేప, కానుగ, పొగడ అన్నీ నిండుగానే ఉంటాయి.

పటమట కోడలు:
నిజమే మాస్టారూ. అక్కడ ఆకులు దట్టంగా ఉన్నాయి. ఏడున్నర దాకా మంచు దిగి ఉండటంతో పూలే కనబడలేదు. మూడో పాదం ఇలా మార్చుకుంటాను:

*మంచు కప్పెఁ గాని మన పిల్లగాండ్రతో*
*పూవు లేని తోట పూల తోట*

తాడేపల్లి విశ్రాంత ఉద్యోగి:
ఇప్పుడు దృశ్యం మనదైంది. ఒక చిన్న వ్యాకరణం మాట. ‘తో’ ద్రుతాంతం, ‘తోన్’. దాని తర్వాత పరుషం సరళం కావాలి కనుక ‘పూవు’ ‘బూవు’ అయి కూర్చుంటుంది. ఇచ్చిన పాదం మార్చకూడదు కదా. ‘మన పిల్ల లున్నట్టి’ అంటే ఆ చిక్కే రాదు, అర్థమూ బిగుస్తుంది.

నిర్వాహకుడు:
‘మంచు కప్పెఁ గాని మన పిల్ల లున్నట్టి / పూవు లేని తోట పూల తోట.’ చక్కగా ఉంది. మొదటి పూరణకు, దీనికి ఎంత తేడా వచ్చిందో చూడండి. మొదటిది ఏ ఊళ్లోనైనా రాయొచ్చు. ఇది ఆ పొద్దున ఆ పార్కులో ఉన్నవాళ్లే రాయగలరు.

కొత్త తమ్ముడు:
ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇది నా మొదటి పద్యం. టెన్షన్‌గా ఉంది, తప్పులుంటే చెప్పండి.

*బోసిపోవు నేది పుష్యమాసమునందు*
*కనుల పండువేది కాలమెల్ల*
*విప్పి చెప్పుమన్న వినుడిదే జవాబు*
*పూవు లేని తోట, పూల తోట*

బ్రాడీపేట మాస్టారు:
నాయనా, మొదటి పద్యానికే క్రమాలంకారం పట్టావు! రెండు ప్రశ్నలు వేసి, సమస్యా పాదాన్ని రెండుగా విరిచి వరసగా జవాబులు చెప్పించావు. అవధానుల చేతిలో బాగా నలిగిన దారి ఇది, ఎప్పుడూ పనికొస్తుంది. మూడో పాదం చివర ‘జవాబు’ లఘువు, గురువు, లఘువు. అది జగణం, ఇంద్రగణం కాదు. ‘వినుమయ్య బదులిదె’ అను, సరిపోతుంది.

నిర్వాహకుడు:
తమ్ముడూ, స్వాగతం. పద్యం నిలబడింది. ఈ ఒడుపు వచ్చింది కాబట్టి ఇక దీని మీదే ఆధారపడకు. ఇలా విరిస్తే ఏ సమస్యైనా తీరిపోతుంది, తోట మాత్రం పద్యంలోకి రాదు. సెలవులున్నాయిగా, ఒకసారి వెళ్లి ఇంకోటి రాయి.

వన్‌టౌన్ వర్తకుడు:
ఈ మధ్య ఒక పార్కులో గేటు దాటగానే ఫొటోల కోసం పెద్ద పూల తోరణం కట్టారు. దగ్గరికెళ్తే అంతా ప్లాస్టిక్. దాని పక్కనే డిసెంబరు పూల మడి విరగబూసి ఉంది, అటు తిరిగి చూసినవాళ్లు లేరు. మనసు చివుక్కుమంది.

*తేనెటీగ రాదు తెమ్మెర యాడదు*
*తావి లేదు తేనె ధార లేదు*
*రంగు పూసినట్టి రబ్బరు ప్లాస్టికు*
*పూవు లేని తోట పూల తోట*

తాడేపల్లి విశ్రాంత ఉద్యోగి:
ఆహా! ‘ప్లాస్టికు’ దగ్గర పాదం ఆగి, ‘పూవు లేని’ అని అందుకోగానే సమస్యలోని వైరుధ్యం ఎగిరిపోయింది. విరుపు అంటే ఇదీ. మొదటి రెండు పాదాల్లో నాలుగు లోపాలు చెప్పి, అవి దేని లోపాలో మూడో పాదం దాకా దాచడం బాగుంది.

నిర్వాహకుడు:
నాకూ బాగా నచ్చింది. ప్లాస్టిక్ పద్యంలోకి వస్తే కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. తోటలోకి వచ్చినప్పుడు పద్యంలోకీ రావలసిందే. డిసెంబరు పూలను తలిచినందుకు ప్రత్యేకంగా సంతోషం. ఆ ఊదారంగు పూలు వాసన లేనివైనా ఈ నెలలో మన ఆడపిల్లల జడల్లో ఉండేవి అవే. వాటి మీద పద్యాలు తక్కువ.

మంగళగిరి అత్తయ్య:
*గొబ్బి పాటలందు గుమ్మడి పూవులు*
*వాకిలెల్ల నిండె వరుస గట్టి*
*తెల్ల పిండితోడఁ దీరిచి దిద్దిన*
*పూవు లేని తోట పూల తోట*

పటమట కోడలు:
అత్తయ్యగారూ, ముగ్గునే తోట చేశారు, ఎంత బాగుందో! ఒక సందేహం. పైన గుమ్మడి పూలతో వాకిలి నిండిందని చెప్పి, కింద పూవు లేని తోట అంటే పొసగుతుందా?

మంగళగిరి అత్తయ్య:
పొసగదమ్మా. గొబ్బెమ్మల మీద మోజుతో పెట్టేశాను. పై రెండు పాదాలూ తీసేసి ఇలా అంటాను: ‘పుష్యమాసమందు పొద్దు పొడవకుండ / వాకి లూడ్చి చల్లి వనిత లెల్ల.’ మిగతాది అలాగే.

నిర్వాహకుడు:
ఇప్పుడు పద్యమంతా ఒకే ముగ్గు మీద నిలిచింది. గొబ్బెమ్మలకు వేరే పద్యం రాయండి, ఎదురుచూస్తాం.

గుణదల టీచరమ్మ:
వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. సమస్య చూడగానే నాకు అందులో వైరుధ్యమే కనబడలేదు, పాఠమే కనబడింది. రెండు పూరణలు పంపిస్తున్నాను.

*పాలు గారు కొమ్మపైనున్న యెఱ్ఱని*
*యాకు లమ్మ వాని నలరు లనకు*
*పొట్టి పగటి వేళఁ బులకించె రంగులు*
*పూవు లేని తోట పూల తోట*

క్రిస్మస్‌కు నర్సరీల ముందు వరసగా పెట్టే ఎర్రటి కుండీలు చూసే ఉంటారు. పాయిన్‌సెట్టియా. మెక్సికో మొక్క, మన బొమ్మజెముడు కుటుంబానిదే, అందుకే తుంచితే పాలు కారతాయి. ఆ పాలు కళ్లల్లో పడనీయకండి. మనం పూరేకులనుకునే ఎర్రటివన్నీ ఆకులే. అసలు పూలు నడిమధ్య ఆవగింజలంత పసుపు గుత్తులుగా ఉంటాయి. రాత్రి పొడవు పెరిగితేనే ఈ ఆకులు ఎర్రబడతాయి. బెజవాడలో డిసెంబరు చివర పగలు సుమారు పదకొండు గంటలే, అది చాలు. వీధిలైటు కింద పెట్టి చూడండి, రాత్రంతా వెలుగు పడితే ఆకుపచ్చగానే ఉండిపోతుంది. కాగితం పూల తీగదీ ఇదే కథ. గులాబీ రంగువి మూడూ ఆకులే, వాటి మధ్య సన్నటి గొట్టంలా నిలబడ్డ తెల్లటివి పూలు.

రెండోది:

*మేడి మఱ్ఱి రావి మేలైన జువ్వులు*
*కాయ కడుపులోనఁ గలవు విరులు*
*చీల్చి చూడకున్నఁ జెప్పెద రెల్లరు*
*“పూవు లేని తోట”, పూల తోట!*

ఈ నాలుగూ ఒకే ప్రజాతి చెట్లు, అంటే దగ్గరి చుట్టాలు. పూత పూయకుండా కాయ కాస్తాయని ఊళ్లల్లో అంటారు. మనం కాయ అనేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. కొసన సూది మొనంత రంధ్రం ఉంటుంది. చిన్న కందిరీగ ఒకటి అందులోంచి దూరి పుప్పొడి చేరుస్తుంది. మేడిపండు విప్పితే కనిపించే పురుగులు చాలావరకు ఆ కందిరీగ సంతానమే. వాటిని చూసి ఈసడించుకోకండి, అవి లేకపోతే ఆ చెట్లకు విత్తనాలే ఉండవు.

కొత్త తమ్ముడు:
మేడమ్, రెండో పద్యం చదివి కాలేజీ వెనకాల ఉన్న జువ్వి చెట్టు దగ్గరికి వెళ్లి కాయ చీల్చాను. లోపల అన్నీ సన్నటి కేసరాల్లా బారులు తీరి ఉన్నాయి! ఇన్నాళ్లూ దాని కింద బండి పెడుతున్నాను.

బ్రాడీపేట మాస్టారు:
టీచరమ్మగారూ, రెండో పూరణలో సమస్యా పాదం సగం లోకుల మాట, సగం మీ తీర్పు. ‘పూవు లేని తోట’ అని వాళ్లంటారు, ‘పూల తోట!’ అని మీరు కొట్టివేస్తారు. విరుపు తమ్ముడిదే, పని మాత్రం వేరు. మొదటి పద్యంలో ‘అలరు లనకు’ అన్న మందలింపు కూడా బాగుంది. ‘పొట్టి పగలు’ వాడుకమాట, అక్కడ అదే ఉండాలి.

తాడేపల్లి విశ్రాంత ఉద్యోగి:
కోస్తా జిల్లాలకూ వృక్షశాస్త్రానికీ పాత చుట్టరికం ఉంది కదమ్మా. రాక్స్‌బర్గ్ దొర మన సామర్లకోటలో ఉండే మొక్కలు సేకరించి బొమ్మలు వేయించాడని చదివాను.

గుణదల టీచరమ్మ:
అవునండీ. 1780లలో సామర్లకోటలో పనిచేశాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర వనానికి (బొటానికల్ గార్డెన్) అధిపతిగా వెళ్లాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన సచిత్ర గ్రంథం 1795 నుంచి వెలువడింది. మన సోమిద చెట్టు ప్రజాతి పేరు ఈనాటికీ ‘సోయ్‌మిడా’యే, తెలుగు పేరులోంచి వెళ్లింది. కలకత్తా వనం 1787లో మొదలైంది. అక్కడి మహావటం, అదే పెద్ద మర్రి, సంగతి తెలుసుగా? తుఫాన్ల దెబ్బకు, ఆ తర్వాత బూజు తెగులుకు మొదటి మాను చెడిపోతే 1925లో తీసేశారు. ఊడల మీదే చెట్టు బతికి ఇంకా విస్తరిస్తోంది.

లామ్ రైతుబిడ్డ:
మాకు మిరప తప్ప పూల సాగు లేదు. మొన్న కడియం చామంతి కుండీ ఒకటి కొన్నాం. మా అమ్మాయి ఒక పువ్వు తుంపి రేకులు పీకుతుంటే, ప్రతి రేకు మొదట్లోనూ ఒక చిన్న గొట్టం, అందులోంచి రెండు పాయల కొస కనబడింది. పుస్తకంలో చూపించింది, ఒక్కో రేకూ ఒక్కో పువ్వేనట! అందుకే ఈ పూరణ.

*చేత నున్న దొక్క చేమంతి యనుకొంటి*
*యెన్నొ పూల మూట యిదియె తెలిసె*
*లెక్క వేసి చూడ నొక్కటే యనఁదగు*
*పూవు లేని తోట పూల తోట*

గుణదల టీచరమ్మ:
అన్నగారూ, మీ అమ్మాయికి నా ఆశీస్సులు. అక్షరాలా నిజం. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఇంతే, మనం పువ్వనేది పూలగుత్తి. చామంతి కూడా పొడవైన రాత్రులకే పూస్తుంది, పాయిన్‌సెట్టియాలాగే. పూత వెనక్కి జరపాలనుకునే రైతులు రాత్రిళ్లు తోటల్లో లైట్లు వెలిగిస్తారు.

తాడేపల్లి విశ్రాంత ఉద్యోగి:
‘లెక్క’కు ‘నొక్క’తో ప్రాసయతి దివ్యంగా పడింది. ‘ఒక్కటే అనదగు పూవు లేని తోట’ అని అన్వయం. మొదటిసారి చదివినప్పుడు నాకు తట్టలేదు, రెండోసారి చదివాక ఒళ్లు పులకరించింది.

పటమట కోడలు:
‘ఇదియె తెలిసె’ దగ్గర కొంచెం తడబడ్డాను. ‘ఇది అని తెలిసె’ అన్న అర్థమే కదా?

లామ్ రైతుబిడ్డ:
అదేనమ్మా. గణాల కోసం కుదించాను. మెరుగైనది తడితే చెప్పండి, మార్చుకుంటా.

నిర్వాహకుడు:
ఈ వారం నా ఓటు ఈ చేమంతికే. మిగిలిన పూరణల్లో తోట ఎక్కడో ఉంటే, పూవు లేకపోవడం ఇంకెక్కడో ఉంది. ఇక్కడ రెండూ ఒకే పువ్వులో ఉన్నాయి, అదీ ఒక పిల్ల చేతిలో విచ్చిన పువ్వులో. ‘తెలిసె’ దగ్గర కుదింపు ఉన్నమాట నిజమే, అయినా భావం ఆగలేదు. టీచరమ్మగారి మేడి పద్యానికి రెండో స్థానం, వర్తకుడిగారి ప్లాస్టిక్ పద్యానికి మూడోది. పటమట కోడలమ్మ సవరించుకున్న తీరు కొత్తవాళ్లు మళ్లీ చదువుకోవాలి.

టీచరమ్మగారి మాటల్లోంచే వచ్చే వారం సమస్య తీశాను. ఆటవెలది నాలుగో పాదమే:

*మొదలు లేని చెట్టు ముదిరి పెరిగె*

కలకత్తా మర్రి మీద ఒక్కరు రాస్తే చాలు, మిగతావాళ్లు వేరే దారి వెతకండి. పూరణలు భోగి ముందు రోజు రాత్రికల్లా పంపండి. పండగ మూడు రోజులూ ఎవరూ ఇటు తొంగిచూడరని నాకు తెలుసు.