ఇండక్షన్ స్టవ్ 4 నిమిషాలకే ఆగిపోతోంది, తప్పు సెన్సార్‌దేనా?

మూడేళ్ల నాటి 2000 వాట్ల స్టవ్. 800లో పాలు బాగానే కాగుతాయి. 1600 పెడితే మాత్రం సరిగ్గా 4 నిమిషాలకు మూడు బీప్‌లు కొట్టి ఆగిపోతుంది. ఫ్యాన్ తిరుగుతోంది. గిన్నె మార్చాను, 16 ఆంప్స్ ప్లగ్‌లో పెట్టి చూశాను, లోపలి దుమ్మంతా బ్రష్‌తో దులిపాను (ఒక బొద్దింక కూడా దొరికింది). అదే తంతు.

రిపేరు షాపతను విప్పి చూడకుండానే బోర్డు మార్చాలి, 1800 అవుతుందన్నాడు. కొత్తదే 2600!

గాజు పలక కింద, కాయిల్ మధ్యలో ఉన్న, వేడిని కనిపెట్టే సెన్సార్ మీద తెల్ల పేస్టు ఎండిపోయి పెచ్చులు లేచింది. దాని వైరు బోర్డు నుంచి ఊడదీసి మల్టీమీటర్‌తో కొలిస్తే 62 కిలో ఓమ్‌లు చూపించింది. 25 డిగ్రీల దగ్గర 100 ఉండాలట. అప్పుడు మా వంటగదిలో 36 డిగ్రీలు.

ఈ వేడికి 62 మామూలేనా, లేక సెన్సార్ పోయినట్టా?