‘ఐ హావ్ ఎ ప్రామిస్ టుడే’: కొరియన్ విద్యార్థుల ఇంగ్లీషులో ఈ వాక్యం ఎక్కడిది?

ప్రశ్న (పెనుకొండ నుంచి)

కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఈ చుట్టుపక్కల కొరియావాళ్లకి ఇంగ్లీషు చెప్పే పని తెలుగు టీచర్లకి దొరుకుతోంది. వాళ్ల నోట తరచూ వచ్చే వాక్యం ఒకటుంది: ‘ఐ హావ్ ఎ ప్రామిస్ టుడే, సో ఐ కాంట్ కమ్ టు క్లాస్’. ‘ప్రామిస్’ కొట్టేసి ‘అపాయింట్‌మెంట్’ రాసిస్తే, మరుసటి వారం ‘ఐ హావ్ యాన్ అపాయింట్‌మెంట్ విత్ మై ఫ్రెండ్’ అంటారు. ఇంకో రెండు కూడా వదలడం లేదు: ‘ఐ విల్ ఫినిష్ అంటిల్ ఫ్రైడే’, ‘దిస్ ఈజ్ టూ డెలిషస్’. ఒక్కోదానికి ఒక్కో సూత్రం చెప్పుకుంటూ పోవాలా, లేక వీటన్నిటికీ మూలం ఒకటేనా? కొరియన్ తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (సియోల్ నుంచి)

‘ప్రామిస్’కి మూలం కొరియన్ ‘యక్‌సొక్’ అనే మాటండీ. ‘ఒనుల్ యక్‌సొక్ ఇస్సొయో’ అంటే ‘ఈ రోజు ఒకరిని కలవాల్సి ఉంది’ అని. ఇచ్చిన మాటా యక్‌సొక్కే, సాయంత్రం స్నేహితుడితో కాఫీకి వెళ్లడమూ యక్‌సొక్కే. డిక్షనరీలో దీని ఎదురుగా మొట్టమొదట కనబడేది ‘ప్రామిస్’. బడిలో అదే బట్టీపడతారు, అదే నోటికొస్తుంది.

మీరు ‘అపాయింట్‌మెంట్’ ఇచ్చి ఆపడంతో చిక్కు వచ్చింది. ఒక మాటకి బదులు ఇంకో మాట ఇస్తే, పాతదాని పరిధి మొత్తాన్నీ కొత్తదాని మీదికి ఎక్కించేస్తారు. ఒకేసారి నాలుగు గళ్లు గీసి ఇవ్వండి:

ఫలానా పని చేస్తానని మాటిస్తే ‘ప్రామిస్’. దీన్ని క్రియగానే నేర్పండి: ‘ఐ ప్రామిస్డ్ టు కాల్ హర్’.
స్నేహితులు, చుట్టాలతో కలయిక అయితే ‘ఐ హావ్ ప్లాన్స్’. చివర ‘స్’ తప్పనిసరి. ‘ఐ హావ్ ఎ ప్లాన్’ అంటే ఏదో పథకం వేసినట్టు వినబడుతుంది.
డాక్టరు, వకీలు, ఆఫీసరు, జుట్టు కత్తిరించేవారి దగ్గర వేళ ఖాయం చేసుకుంటే ‘అపాయింట్‌మెంట్’.
టేబులు, గది, సీటు అట్టేపెట్టించుకుంటే ‘రిజర్వేషన్’.

చివరి రెంటికీ కొరియన్‌లో ‘యెయక్’ అనే ఒకే మాట. అందుకే ‘డాక్టర్ రిజర్వేషన్’ అనే ఇంకో తప్పు క్యూలో ఉంటుంది. అది రాకముందే గడి చూపించేయండి.

అభ్యాసానికి పన్నెండు చీటీలు చాలు. ఒక్కో చీటీ మీద ఒక సందర్భం కొరియన్‌లోనో బొమ్మగానో ఉండాలి: పన్ను నొప్పి, అమ్మకి ఫోన్ చేస్తానన్న మాట, శనివారం పాత క్లాస్‌మేట్లు, హోటల్‌లో ఆరుగురికి టేబులు. చీటీ తీసిన మూడు సెకన్లలో పూర్తి వాక్యం రావాలి. ఎక్కువ సమయం ఇస్తే ముందు కొరియన్‌లో అనుకుని తర్వాత అనువాదం చేస్తారు. మనం మాన్పించాలనుకుంటున్నది అదే కదా.

జవాబు (గుంటూరు నుంచి)

‘అంటిల్ ఫ్రైడే’ సంగతి నేను చెబుతాను. కొరియన్‌లో ‘క్కాజి’ అనే ప్రత్యయం ఒకటుంది. ‘శుక్రవారం దాకా ఆగు’ అన్నా, ‘శుక్రవారం కల్లా ముగించు’ అన్నా రెండుచోట్లా క్కాజియే. తెలుగులో ఈ రెండూ వేరు కాబట్టి ‘బై’, ‘అంటిల్’ మనకి తికమకగా అనిపించవు. ‘శుక్రవారం దాకా ముగించు’ అని చిన్నపిల్లలు కూడా అనరు. కాబట్టి ఇంత తేలిక విషయం వీళ్లకెందుకు అందదా అని టీచర్లు విసుక్కుంటారు. వాళ్ల భాషలో ఆ గీతే లేదు, అంతే.

‘గడువు అయితే బై’ అనే సూత్రం పనిచేయదు. ‘సేల్ శుక్రవారం దాకా ఉంటుంది’ అన్నప్పుడు కూడా శుక్రవారం గడువే కదా. ప్రశ్నని క్రియ మీద పెట్టండి: ఈ పని ఆ రోజు వరకు ఆగకుండా సాగుతూనే ఉంటుందా, లేక ఆ లోపు ఎప్పుడో ఒకసారి జరిగి అయిపోతుందా? వెయిట్, స్టే, స్లీప్, వర్క్, లాస్ట్ సాగేవి, వాటికి ‘అంటిల్’. ఫినిష్, సబ్మిట్, పే, అరైవ్, రిటర్న్ ఒక్కసారి జరిగేవి, వాటికి ‘బై’. తేదీ మార్చకుండా క్రియ ఒక్కటే మారుస్తూ పది వాక్యాలు చెప్పించండి. తేదీ మారితే ధ్యాస దాని మీదికి పోతుంది.

ఒక్క చోట జాగ్రత్త. ‘ఐ డిడ్‌న్ట్ ఫినిష్ అంటిల్ ఫ్రైడే’ సరైన వాక్యమే, అర్థం మాత్రం ‘శుక్రవారం గానీ ముగించలేదు’. తెలివైన విద్యార్థి దీన్ని ఎక్కడో చదివి పట్టుకొస్తాడు. కాదనకండి. ముగించకుండా ఉండటమనే స్థితి సాగుతోందని చూపిస్తే మీ సూత్రానికి అదే బలం.

‘టూ డెలిషస్’కి మూలం ‘నొము’. ఒకప్పుడు ‘మరీ ఎక్కువ’ అనే చెడు అర్థంలోనే వాడాలని వాళ్ల పండితులు పట్టుబట్టేవారు. వాడుకలో మాత్రం ‘చాలా బాగుంది’కి కూడా అదే. 2015లో కొరియా జాతీయ భాషా సంస్థ కూడా మంచి అర్థాన్ని ఒప్పుకుంది. ఇంగ్లీషు ‘టూ’ ఇంకా ‘మరీ’ దగ్గరే ఉంది. ‘టూ’ తర్వాత ‘కాబట్టి కుదరదు’ అని చేర్చి చూడమనండి. ‘టూ స్పైసీ, ఐ కాంట్ ఈట్ ఇట్’ నిలబడుతుంది. ‘టూ డెలిషస్’ తర్వాత ఏం కుదరదు? ఏమీ దొరకదు కాబట్టి అక్కడ ‘వెరీ’, ‘రియల్లీ’, ‘సో’.

జవాబు (సియోల్ నుంచి, మళ్లీ)

పై జవాబుకి ఒక చేర్పు. మాటలకే కాదు, వాక్యం కట్టుబడికీ ఇదే జరుగుతుంది. ‘నున్’ అనే ప్రత్యయం ‘నా సంగతికొస్తే’ అన్నట్టు విషయాన్ని ముందు నిలబెడుతుంది. అది కర్త కానక్కర్లేదు. హోటల్‌లో ‘నా-నున్ జాజాంగ్‌మ్యన్’ అంటే ‘నాకు జాజాంగ్‌మ్యన్ (అదో నూడుల్స్ వంటకం)’ అని. దాన్ని ఇంగ్లీషులో కర్తగా కూర్చోబెడితే ‘ఐ యామ్ నూడుల్స్’ అవుతుంది. ‘ఐ యామ్ డిఫికల్ట్ టు స్టడీ మ్యాథ్’ కూడా ఇలా పుట్టిందే. మనకి ‘నాకు లెక్కలు కష్టం’ అని ‘కు’ విభక్తి ఉంది కాబట్టి ‘మ్యాథ్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మీ’ తేలిగ్గా వస్తుంది. దిద్దేటప్పుడు ‘కష్టం ఎవరిది, కష్టమైనది ఏది?’ అని అడగండి. కష్టమైనదే కర్త.

‘ఐ యామ్ బోరింగ్’ వేరే రకం, దీన్ని ఇందులో కలపకండి. తోచకపోవడానికి ‘షిమ్‌షిమ్‌హదా’, విసుగు పుట్టించేదానికి ‘జిరుహదా’ అని వాళ్లకి రెండు మాటలున్నాయి. ఆ రెంటి పక్కనే ‘బోర్డ్’, ‘బోరింగ్’ రాసి చూపిస్తే ఒక్క క్లాసులో పోతుంది.

అడిగినవారు

చాలా సంతోషమండీ. గళ్లు గీయడం వెంటనే మొదలుపెట్టవచ్చు. ఇంకో సందేహం. కొరియన్‌కీ తెలుగుకీ ఇంత పోలిక ఉందంటారు కదా, క్రియ చివర రావడం, విభక్తులు పదం వెనక రావడం. ఆ పోలిక ఎక్కడా సాయపడదా?

జవాబు (హైదరాబాద్ నుంచి)

సాయపడుతుంది. కానీ అసలు ప్రమాదం కూడా అక్కడే ఉంది. తేడా ఉన్న చోట తప్పు టీచరు చెవికి గుచ్చుకుంటుంది. రెండు భాషలూ ఒకేలా ఉన్న చోట తప్పు చెవికి సాఫీగా వెళ్లిపోతుంది.

‘డిడ్‌న్ట్ హి కమ్?’ అని అడగండి. ‘యెస్, హి డిడ్‌న్ట్’ అంటారు. కొరియన్‌లో ‘నే, అన్ వస్సొయో’. తెలుగులో ‘రాలేదా?’ అంటే ‘ఆఁ, రాలేదు’. మనకేం తేడా అనిపించదు. వ్యాకరణం తెలిసిన తెలుగు టీచరు కూడా మాటల్లో దీన్ని గమనించకుండా దాటిపోతారు. ఇంగ్లీషువాడు మాత్రం ‘యెస్’ వినగానే వచ్చాడనుకుని మిగతా సగం వినడు. మన భాషల్లో అడిగినవాడి మాటని ఒప్పుకుంటాం. ఇంగ్లీషులో జరిగిందా లేదా అన్నదాన్ని బట్టి చెబుతాం. వచ్చి ఉంటే యెస్, హి డిడ్. రాకపోతే నో, హి డిడ్‌న్ట్. ప్రశ్న ఎలా అడిగారన్నది లెక్కలోకి రాదు. ఒకే సమాధానం వచ్చేలా ‘డిడ్ హి కమ్?’, ‘డిడ్‌న్ట్ హి కమ్?’, ‘హి డిడ్‌న్ట్ కమ్, డిడ్ హి?’ అని మూడు రకాలుగా వెంటవెంటనే అడగండి. ఒట్టి యెస్, నో ఒప్పుకోకండి, వెనక క్రియ ఉండాలి.

‘డిస్కస్ అబౌట్’ ఇంకోటి. ‘గురించి చర్చించాం’ అని మనకీ ఉంది, వాళ్లకీ ‘ఎ దెహె’ ఉంది. ‘ఫర్నీచర్స్’, ‘ఇన్ఫర్మేషన్స్’ కూడా ఇంతే. మన ఆఫీసు ఉత్తరాల్లో ఇవి రోజూ కనబడేవే. తెలుగువాళ్ల ఇంగ్లీషులో తరచూ దొర్లే తప్పుల జాబితా పక్కన పెట్టుకుని, కొరియన్ విద్యార్థి రాసింది ఒకసారి దానితో సరిచూడండి. టీచరుకి కనబడనివి అక్కడ బయటపడతాయి.

పోలిక నిజంగా సాయపడే చోటు ‘అవర్ వైఫ్’. ‘ఉరి వైఫ్’ (కొరియన్ ‘ఉరి’ అంటే ‘మా’) అనే వాడుకని మనం తప్ప ఎవరు అర్థం చేసుకుంటారు? ‘మా ఆవిడ’ అనే కదా మనమూ అనేది. ‘మా ఇల్లు’, ‘మా అమ్మ’ అన్నీ ఉరితోనే. బట్టలు తొడుక్కునే మాటలూ అంతే. మనం చీర కట్టుకుంటాం, చెప్పులు వేసుకుంటాం, ఉంగరం పెట్టుకుంటాం. వాళ్లకీ చొక్కాకి ‘ఇప్తా’, చెప్పులకి ‘షిన్తా’, టోపీకి ‘స్సుదా’. ఇంగ్లీషులో అన్నిటికీ ‘వేర్’. ఒంటి మీద ఉన్న స్థితికి ‘వేర్’, వేసుకునే చర్యకి ‘పుట్ ఆన్’ అని విడదీస్తే సరిపోతుంది.

జవాబు (విశాఖ నుంచి)

హైదరాబాద్ వారు చెప్పిన జాబితాలో అన్నిటికన్నా పెద్దది ఆర్టికల్స్. రెండు భాషల్లోనూ లేవు. ఒక టీచరుగా దీనికే ఎక్కువ సమయం ఇవ్వమంటాను.

కొరియన్ విద్యార్థులకి సూత్రాలు రాక కాదు. వాళ్ల కాలేజీ ప్రవేశ పరీక్ష సునుంగ్‌లో ఇంగ్లీషుకి 70 నిమిషాల్లో 45 ప్రశ్నలు, అందులో 17 వినేవి, మిగతావి చదివేవి. మాట్లాడటం, రాయడం లేవు. టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో చదివే విభాగం మొదట్లో ఖాళీలు పూరించే ప్రశ్నలు 30. ఖాళీ చూపిస్తే సరైనది ఎంచడం వాళ్లకి నీళ్లు తాగినంత తేలిక. మాట్లాడేటప్పుడు ఖాళీ ఎక్కడుందో ఎవరూ చూపించరు.

అందుకని ఖాళీలు గీసిన వర్క్‌షీటు ఇవ్వకండి. ఎనిమిది పది లైన్ల పేరా తీసుకుని ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అన్నీ తీసేసి, ఖాళీ కూడా వదలకుండా దగ్గరగా టైపు చేసి ఇవ్వండి. ముందు నామవాచకాలన్నిటి కిందా గీత గీయాలి. తర్వాత ఒక్కోదానికి వరసగా అడగాలి: వినేవాడికి అది ఏదన్నది తెలుసా? తెలిస్తే ‘ది’. తెలియకపోతే, లెక్కపెట్టగలమా? పెట్టగలిగితే ఒకటా, ఎక్కువా? ఒకటైతే ‘ఎ’ లేదా ‘యాన్’, ఎక్కువైతే ‘స్’. లెక్కపెట్టలేకపోతే ఏదీ అక్కర్లేదు. ప్రతిదానికీ కారణం నోటితో చెప్పాలి. కారణం లేని సరైన జవాబుకి మార్కు ఇవ్వకండి.

‘మొదటిసారి ఎ, రెండోసారి ది’ అనే సూత్రాన్ని మాత్రం దయచేసి పక్కన పెట్టండి. దానివల్లే ఇంట్లో ఉన్న ఒక్క వంటగదిని ‘ఎ కిచెన్’ అంటారు, మొదటిసారి చెబుతున్నాం కదా అని. ‘ది’ బాగా అలవాటయ్యాక ‘ది సొసైటీ’, ‘ది నేచర్’ వరద మొదలవుతుంది. అప్పుడు భయపడకుండా పై ప్రశ్నలకే తిరిగి రండి.

బహువచనం మనకి సమస్య కాదు గానీ వాళ్లకి సమస్యే. ‘దుల్’ అనే బహువచన ప్రత్యయం ఉన్నా చాలా చోట్ల వదిలేయవచ్చు. ‘టు బ్రదర్’, ‘మెనీ స్టూడెంట్’ అందుకే.

జవాబు (గుంటూరు నుంచి, మళ్లీ)

కొరియన్‌లో కలిసిపోయిన ఇంగ్లీషు మాటల్ని ఎవరూ ఎత్తలేదు. దుకాణంలో ఉచితంగా ఇచ్చేది ‘సర్వీస్’, పరీక్షలో కాపీ కొట్టడం ‘కన్నింగ్’, జిమ్ముకి ‘హెల్త్’, కారు స్టీరింగుకి ‘హ్యాండిల్’, ప్లగ్గు పెట్టే సాకెట్టుకి ‘కన్సెంట్’. ఇవి ఇంగ్లీషే అనుకుంటారు కాబట్టి డిక్షనరీ తెరవరు. జాబితా ఇచ్చేస్తే చాలు, సూత్రం ఏమీ లేదు. ‘ఇది తప్పు’ అనకుండా ‘ఇది కొరియన్ మాట’ అనండి. మన ‘కరెంటు పోయింది’ లాంటివే ఇవి. పైగా ‘స్కిన్‌షిప్’, ‘ఫైటింగ్’ లాంటివి 2021లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో కూడా చేరాయి.

అడిగినవారు

కొరియన్ రాని టీచరు ఇవన్నీ పట్టుకోవడం ఎలా? ఏ తప్పు వెనక ఏ మాట ఉందో తెలియాలి కదా.

జవాబు (సియోల్ నుంచి)

లిపి నేర్చుకోండి, భాష తర్వాత. హంగుల్‌లో మూల అక్షరాలు 24: హల్లులు 14, అచ్చులు 10. మన గుణింతాలు వచ్చినవాళ్లకి చదవడం త్వరగా పట్టుబడుతుంది.

ఆ తర్వాత, తప్పు వినగానే దిద్దకండి. ‘కొరియన్‌లో ఏ మాట అనుకున్నారు?’ అని అడిగి, దాన్ని హంగుల్‌లోనే రాయించుకోండి. ‘నావర్’ అనే కొరియన్ ఆన్‌లైన్ డిక్షనరీలో ఆ మాట కొట్టి, దాని ఎదురుగా ఎన్ని ఇంగ్లీషు మాటలున్నాయో చూడండి. ఒక్కటే ఉంటే అది మరుపు, మర్నాటికి సర్దుకుంటుంది. మూడు నాలుగు ఉంటే యక్‌సొక్ లాంటిదే దొరికిందన్నమాట, దానికి గళ్లు గీయాలి. ‘నొల్దా’ (ఆడుకోవడం, సరదాగా గడపడం) కొట్టి చూడండి. పాతికేళ్లవాళ్లు ‘ఐ ప్లేడ్ విత్ మై ఫ్రెండ్స్’ అని ఎందుకంటారో తెలుస్తుంది. వాళ్లకి కావాల్సింది ‘హ్యాంగ్ అవుట్’. బిల్లిదా కొట్టండి, ‘కెన్ యూ బారో మీ ఎ పెన్?’ కారణం బయటపడుతుంది. అక్కడ అరువు తీసుకోవడానికీ ఇవ్వడానికీ ధాతువు ఒకటే, ఇచ్చేటప్పుడు చివర ‘జుదా’ చేరుతుందంతే.

క్లాసుకి ఒక్క మాట కన్నా ఎక్కువ పెట్టుకోవద్దు. ఆ గళ్ల చీటీలు వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి, చెప్పకుండా బయటికి తీయండి.