సమస్య: “బరువు తగ్గె మెట్లు పెరుగుకొలది”

నిర్వాహకుడు:
ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. బ–పె అచ్చులు కలవవు కదా, యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో నియమించిన చోటి అక్షరం కలవడం) తప్పిందని కంగారు పడకండి. బరువు–పెరుగు మాటల్లో రెండో అక్షరాలు కలిశాయి, అది ప్రాసయతి, సరిపోతుంది. విషయం: తోడెవరూ లేకుండా పెద్ద సామాను మేడ ఎక్కించడం. అలా మోసినవాళ్లకు తెలుసు, పదో మెట్టు దగ్గర అదే పెట్టె రెండింతలైనట్టు ఉంటుంది. మరి బరువు తగ్గిందని నన్ను ఒప్పించాలి.

పద్యాభిమాని:
తలుపు లూడదీసి, తగ సొరుగులు లాగి,
అరలు వేరుచేసి హాయిగాను
ఒక్కటొక్కటిగనె యోపికతో మోయ
బరువు తగ్గె మెట్లు పెరుగుకొలది.

నిర్వాహకుడు:
గణాలు (అక్షరాల కొలతలు), యతులు శుభ్రంగా ఉన్నాయి. బీరువాను బీరువాలా మోయకూడదన్న మాట మొదటి పూరణలోనే వచ్చేసింది, సంతోషం. “హాయిగాను” మాత్రం వ్యర్థపదం. తలుపులు విప్పేటప్పుడు హాయి ఎక్కడిది? “అరలు వేరుచేసి యద్ద మెత్తి” అంటే యతీ నిలుస్తుంది, అద్దాన్ని విడిగా తీయాలన్న జాగ్రత్తా చేరుతుంది. మెట్ల మలుపు దగ్గర ముందు పగిలేది అదే. విప్పిన మరలు ఒక సంచిలో వేసి ఆ తలుపుకే కట్టెయ్యండి. పైకి వెళ్లాక వెతుక్కునే పని ఉండదు.

విశ్రాంత ఇంజనీరు:
ఎత్తు మారకుండ నెక్కెడి మెట్లెన్నొ
పెంచ, నొక్కమెట్టు పిన్న దగును;
ఒక్కసారి కొంత యోర్పుతో నెక్కింప
బరువు తగ్గె మెట్లు పెరుగుకొలది.

3 మీటర్ల ఎత్తుకు 15 మెట్లుంటే ఒక్కోటి 20 సెంటీమీటర్లు. 20 మెట్లుంటే 15 సెంటీమీటర్లే. ఏటవాలు బల్ల పనిచేసే తీరూ ఇదే. 3 మీటర్ల ఎత్తుకు 6 మీటర్ల బల్ల వేస్తే, రాపిడి పక్కన పెడితే, సగం బలంతో లాగొచ్చు.

నిర్వాహకుడు:
అయ్యా, సమస్యను అక్షరాలా తీసుకుని నెగ్గుకొచ్చారు. రెండు మాటలు మనవి చేస్తాను. “అగును” అని భవిష్యత్తులో మొదలుపెట్టి “తగ్గె” అని భూతకాలంలో ముగిస్తే అన్వయం కుంటుతుంది. “పిన్న దయ్యె” అంటే కుదురుతుంది. రెండోది, తగ్గింది బరువు కాదు, ఒక్కో విడత ఎత్తవలసిన ఎత్తు. మొత్తం పని మారదు. కానీ నడుముకు తెలిసేది మొత్తం కాదు, ఆ ఒక్క విడతే. అందుకని ఒప్పుకుంటున్నాను.

కొత్త సభ్యురాలు:
అమ్మ కుట్టుమిషను నక్కున చేర్చుక
మేడ యెక్కుచుండ మెదలె తలపు
లామె కుట్టినట్టి యంగీలు గురుతొచ్చె
బరువు తగ్గె మెట్లు పెరుగుకొలది.

నిర్వాహకుడు:
అమ్మా, దీనికి వ్యాఖ్య రాయడానికి కాసేపు ఆగాను. “గురుతొచ్చె” వాడుకమాట. మిగతా పద్యం గ్రాంథికంలో నడుస్తోంది కాబట్టి కొందరు తప్పుపడతారు. నేను మార్చమనను. ఆ చోట ఆ మాటే రావాలి.

విశ్రాంత ఇంజనీరు:
“అక్కున చేర్చుక” అన్న మాటలో మీరు అనుకోని శాస్త్రం ఉందమ్మా. అమెరికాలో వృత్తి ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ సంస్థ సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలిస్తే ఎత్తదగిన బరువు 23 కిలోలు. వస్తువు ఒంటికి 25 సెంటీమీటర్ల నుంచి 50కి జరిగితే ఆ పరిమితి సగానికి పడిపోతుంది. అది చదునైన నేల మీది లెక్క, మెట్ల మీద ఇంకా తగ్గించుకోవాలి. కాళ్లతో తొక్కే స్టాండు కిందే ఉందా? దాన్ని మిషనుతో కలిపి ఎత్తకండి. బోల్టులు విప్పి వేరుగా తేవాలి.

కొత్త విద్యార్థి:
గురువుగారూ, నా మొదటి పద్యం. పోయిన నెల వాషింగ్ మెషీన్ ఒక్కడినే ఎక్కించాను, దాని మీద రాశాను.

క్రింద నిలిచి నేను గట్టిగా తోయగా
మెట్టు కొక్కమారు మేను నిలిపి
అంచు మీద నాని యంత్రము పైకేగ
బరువు తగ్గె మెట్లు పెరుగుకొలది.

నిర్వాహకుడు:
తమ్ముడూ, మొదటి పద్యానికి ఇది చాలా మంచి పద్యం. మూడో పాదం నాకు నచ్చింది. మెట్టు అంచు సగం బరువును తన మీద వేసుకుంటుంది. ఆ క్షణం చెయ్యి తేలికపడటం ఒంటరిగా మోసినవాడికే తెలుస్తుంది.

మొదటి పాదంలో యతి తప్పింది. క్రి–గ: హల్లులు కలుస్తాయి, అచ్చులు ఇ–అ కలవవు. అయితే నన్ను భయపెట్టింది యతి కాదు, “క్రింద నిలిచి” అన్న మాట. ముందువైపు తలుపుండే మెషీన్ లోపల కాంక్రీటు దిమ్మ ఉంటుంది, మొత్తం 60 నుంచి 80 కిలోలు తూగుతుంది. అది జారితే కింద ఉన్నవాడికి తప్పుకునే చోటు ఉండదు. ఒంటరిగా ఉన్నప్పుడు సామాను కింద నిలబడవద్దు.

కొత్త విద్యార్థి:
నిజమే గురువుగారూ. పద్యంలో రాయలేదు గానీ ఏడో మెట్టు మీద అది వెనక్కి జారింది. నా మోకాలికీ గోడకీ మధ్య ఇరుక్కుని ఆగింది. పక్కింటివాళ్లు విని వచ్చేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.

నిర్వాహకుడు:
దెబ్బ గట్టిగా తగల్లేదు కదా? ఈసారి రెండు చక్రాల బండికి పట్టీతో బిగించి, మీరు పై మెట్టు మీద ఉండి వెనక్కి నడుస్తూ లాగండి. డ్రమ్ము ఊగకుండా రవాణా బోల్టులు ముందే బిగించాలి. అదుపు తప్పితే వదిలెయ్యండి, మెషీన్ పోతే పోనీ. పద్యాన్నీ అలాగే తిప్పండి: మీరు పైకి రండి, తోయడం మాని లాగండి. యతి దానంతటదే కుదురుతుంది.

కొత్త విద్యార్థి:
మీద నిలిచి నేను మెల్లగా లాగగా
మెట్టు కొక్కమారు మేను నిలిపి
అంచు నాని యాని యంత్రము పైకేగ
బరువు తగ్గె మెట్లు పెరుగుకొలది.

“మీద” రెండుసార్లు వస్తోందని మూడో పాదం కూడా మార్చాను. సరిపోయిందా గురువుగారూ?

నిర్వాహకుడు:
మీ–మె సరిపోయింది. “ఆని యాని” నాకు తట్టలేదు, అది మీదే. మోకాలు డాక్టరుకు చూపించారా?