రెండు పార్టీలే ఉన్నచోట మూడోది వచ్చి ఒకదాని స్థానం తీసుకోగలదా?

ప్రశ్న:
1992 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో, రెండు పెద్ద పార్టీలకూ చెందని రాస్ పెరోకి దాదాపు 19 శాతం ఓట్లు వచ్చాయి. రాష్ట్రాలవారీగా లెక్కపెట్టి అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓటు మాత్రం ఒక్కటీ రాలేదు. ఆ లెక్క చూసినప్పటి నుంచి మనసు బాగోలేదు. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు వేసిన ఓటు ఏమైపోయినట్టు? ఇలాంటి చోట కొత్త పార్టీ పాత పార్టీని పక్కకు నెట్టడం అసలు జరిగే పనేనా?

జవాబు:
కష్టమండీ. ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వాళ్లే గెలిచే పద్ధతిలో, నచ్చిన మూడోవాడికి వేస్తే నచ్చనివాడు గెలుస్తాడేమోనని జనానికి టెన్షన్. ఆ భయమే పాత పార్టీలకు కాపలా.

మరో జవాబు:
కష్టమే కానీ జరిగింది. పాత ఎన్నికల ఫలితాలు చదవడం నాకు ఇష్టం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో 1852 వరకూ రెండో పెద్ద పార్టీ విగ్‌లు. 1854లో కాన్సాస్–నెబ్రాస్కా చట్టం వచ్చింది. కొత్త ప్రాంతాల్లో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడి వాళ్లే తేల్చుకోవచ్చంది. దాంతో ఉత్తరాది విగ్‌లు ఒక దారి, దక్షిణాది విగ్‌లు ఒక దారి అయ్యారు. అదే ఏడాది రిపబ్లికన్ పార్టీ పుట్టింది, 1860లో లింకన్ అధ్యక్షుడిగా గెలిచాడు. ఆయన కూడా ఒకప్పటి విగ్ పార్టీవాడే! నా దృష్టిలో అసలు విషయం ఇదే. ఇల్లు లోపల చీలితేనే బయటివాడికి చోటు దొరుకుతుంది. నాయకులు, కార్యకర్తలు, ఓటర్లు పాత పార్టీ నుంచే నడిచి వస్తారు.

బ్రిటన్‌లోనూ అంతే. 1916లో లిబరల్ పార్టీ తన నాయకులు ఆస్క్విత్, లాయిడ్ జార్జ్ వర్గాలుగా చీలింది. 1906లో 29 సీట్లున్న లేబర్ పార్టీ 1922లో 142 సీట్లతో ప్రధాన ప్రతిపక్షమైంది. గనులు, ఫ్యాక్టరీలు ఉన్న నియోజకవర్గాల్లో దాని ఓట్లు ఒకేచోట పోగై ఉండేవి. అలా లేకపోతే ఏమవుతుందో 1983లో చూశాం. లిబరల్–ఎస్‌డీపీ (సోషల్ డెమోక్రటిక్ పార్టీ) కూటమికి 25 శాతం ఓట్లు, 23 సీట్లు. లేబర్‌కి 28 శాతం లోపే, కానీ 209 సీట్లు. కూటమి ఓట్లు దేశమంతా పల్చగా పరుచుకున్నాయి మరి. పెరో విషయంలో జరిగిందీ అదే.

ఇంకొకరు:
కెనడా కూడా చూడండి. 1993లో అధికారంలో ఉన్న ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లు 2 సీట్లకు పడిపోయారు. పశ్చిమ రాష్ట్రాల్లో బలమున్న రిఫార్మ్ పార్టీకి 52 వచ్చాయి. చివరికి 2003లో దాని వారసులూ, పాతవాళ్లూ ఒకే పార్టీగా కలిసిపోయారు.

ప్రశ్న అడిగినవారు:
మరి 1912లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ సంగతి? రిపబ్లికన్ పార్టీ చీలింది, కొత్త పార్టీ పెట్టి 88 ఎలక్టోరల్ ఓట్లు తెచ్చుకున్నాడు, రిపబ్లికన్ అభ్యర్థి టాఫ్ట్‌కి 8 మాత్రమే. అయినా ఆ కొత్త పార్టీ నిలవలేదే?

జవాబు:
మంచి ప్రశ్న అడిగారు. అక్కడ చీలిక వచ్చింది కానీ, కొత్త పార్టీ ఒక్క మనిషి మీదే నిలబడింది. 1916లో మళ్లీ పోటీ చేయమంటే ఆయన ఒప్పుకోలేదు, రిపబ్లికన్ అభ్యర్థి హ్యూస్‌కి మద్దతిచ్చాడు. ఇక ఆ పార్టీకి దిక్కెవరు?