డ్యామ్‌ను పగలగొట్టిన ఆ బాంబును వెనక్కి గిర్రున ఎందుకు తిప్పారు?

ఫిజిక్స్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. 1943 మే 16 రాత్రి బయల్దేరిన బ్రిటన్ లాంకాస్టర్ విమానాలు జర్మనీలో మోనే, ఎడర్ డ్యామ్‌లను బద్దలు కొట్టాయి కదా. బ్రిటన్ ఇంజినీర్ బార్న్స్ వాలిస్ రూపొందించిన బాంబు చూడ్డానికి పెద్ద డ్రమ్ములా ఉంటుంది, బరువు 4 టన్నుల పైనే. అది టార్పెడోలను (నీళ్లలో దూసుకెళ్లే బాంబులను) ఆపడానికి డ్యామ్ ముందు కట్టిన వలల మీదుగా నీళ్లపై కప్పగంతులేస్తూ వెళ్లి, గోడకు తగిలి, మునిగి, 30 అడుగుల లోతులో పేలాలి.

పైలట్ల తెగువ సంగతి వేరే చెప్పాలా! రాత్రిపూట 60 అడుగుల ఎత్తున నాలుగింజన్ల విమానం. ఆ ఎత్తు తెలియడానికి కింద రెండు లైట్లు బిగించి, వాటి వెలుగులు నీటిపై కలిసేలా చూసుకున్నారు. వెళ్లిన 19 విమానాల్లో 8 తిరిగి రాలేదు.

నా సందేహం ఇదీ. వదిలే ముందు బాంబును మోటారుతో నిమిషానికి 500 చుట్లు వెనక్కి తిప్పేవారు. అది గంతులకు సాయపడిందా, లేక గోడను అంటిపెట్టుకుని కిందికి దిగడానికా? రెండూ అయితే ఏది ముఖ్యం? ముందుకు తిప్పి ఉంటే ఏమయ్యేది? మా అబ్బాయి టెన్త్, వాడికి అర్థమయ్యేలా చెబితే చాలు.