భార్య ఇమిగ్రెంట్ వీసాకి కాగితాలు, పాత టీబీ, వేలూరు బర్త్ సర్టిఫికెట్

అన్నలకి, అక్కలకి నమస్తే. మాది చిత్తూరు, పోయినేడాది గ్రీన్ కార్డు మీద డాలస్ వచ్చినాను. నా భార్యకి వేసిన ఐ-130 (ఇంటోళ్ళని పిలిపించుకునే పిటిషన్) అప్రూవ్ అయ్యి ఎన్‌వీసీ (అమెరికా నేషనల్ వీసా సెంటర్) నుంచి మెయిల్ వచ్చింది. తను పుట్టింది వేలూరు సీఎంసీలో, బర్త్ సర్టిఫికెట్లో పేరు లేదు. డిగ్రీ చదివేటప్పుడు టీబీ వచ్చి పూర్తిగా నయమైంది. ఆ సంగతి చెప్పాలా వద్దా అని ఇంట్లో ఒకటే వాదన. యాడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

తమ్ముడూ, ముందు టీబీ మాట. దాచొద్దు, అస్సలు దాచొద్దు. పదిహేనేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, పాత మచ్చ ఉంటే కనపడతాది, ఎప్పుడూ రాలేదని చెప్పినాక ఫిల్ములో కనపడితే అది జబ్బు కంటే పెద్ద తలనొప్పి. నయమైన టీబీ వీసాకి అడ్డం కాదు. డాక్టరుకి అనుమానం వస్తే మాత్రం వరసగా మూడు రోజులు పొద్దున్నే కఫం తీసుకుని కల్చర్ (ల్యాబులో టీబీ క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) పెడతారు, దాని రిజల్టుకి ఎనిమిది వారాలు పడతాది, ఎవురు చెప్పినా అది తొందరగా రాదు. అందుకే ఈ పొద్దే ఇంటికి ఫోన్ చేసి బీరువాలో పాత ఎక్స్‌రే ఫిల్ములు, ట్రీట్‌మెంట్ కార్డు, ఏ మందు ఎన్ని నెలలు వాడింది, ఆపేటప్పుడు కఫం పరీక్ష ఏమొచ్చింది, అన్నీ వెతికించు. తిరుపతి రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్‌లోనో చూపించుకునుంటే పాత ఓపీ నంబరు పట్టుకునిపోయి రికార్డు అడగమను. ఫిల్ము ఉన్నంత మాత్రాన కల్చర్ తప్పుతాదని కాదు, మచ్చ అప్పటిదే, పెరగలేదు అని చూపించేదానికి అదే ఆధారం. ఫిల్మును మడతపెట్టొద్దని చెప్పు.

మెడికల్ మనూరి డాక్టరు దగ్గర చేయించుకుంటే చెల్లదు, కాన్సులేట్ లిస్టులో ఉండే ప్యానెల్ ఫిజిషియన్ దగ్గరే, అదీ ఇంటర్వ్యూ లెటర్ వచ్చినాకే. టీకాల కార్డు ఉంటే తీసుకుపోవాల, లేకుంటే అక్కడే వేస్తారు. గర్భంతో ఉంటే ఎంఎంఆర్ లాంటి టీకాలు వెయ్యరు, ముందే చెప్పమను.

ఇంక బర్త్ సర్టిఫికెట్. పుట్టింది వేలూరులో కాబట్టి చిత్తూరు మున్సిపాలిటీ చుట్టూ తిరిగితే లాభం లేదు, పేరు చేర్పించేది వేలూరు కార్పొరేషన్లోనే. మన చిత్తూరోళ్ళు సగం మంది కాన్పుకి అక్కడికే పోతారు గదా, ఈ తిప్పలు చానామందికి ఉండేవే. పేరు గడి ఖాళీగా ఉండేది అప్‌లోడ్ చెయ్యొద్దు. వివరాలన్నీ ఇంగ్లీషులో కూడా ఉంటే అనువాదం అక్కర్లేదు, చేత్తో రాసింది తమిళంలోనే ఉంటే మొత్తం చేయించాల, సీళ్ళలో ఉండేది, పక్కన గీకిన మాటలు అన్నీ. చేసినాయన ఈ అనువాదం సరైనదనీ, తనకి రెండు భాషలూ వచ్చుననీ రాసి సంతకం పెట్టాల. ఆ పని నువ్వు చెయ్యొద్దు, పిటిషనరే అనువదిస్తే అనుమానానికి తావిచ్చినట్టే. అసలు కాగితం, అనువాదం ఒకే ఫైల్లో పెట్టు.

ఇంకోటి, పేరు. కాగితంలో మునెమ్మ అనుండి పాస్‌పోర్టులో మునియమ్మ అనుంటే అనువాదంలో పాస్‌పోర్టు ప్రకారం దిద్దించొద్దు, కాగితంలో ఎట్లుంటే అట్లే రావాల. తేడాకి ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ పెట్టు.

అన్న చెప్పింది బాగుంది, నేను రెండు ముక్కలు కలుపుతాను. పెళ్ళి కొండమీద చేసుకున్నా, మండపంలో చేసుకున్నా శుభలేఖ, రసీదు చాలవు బాబూ, మ్యారేజ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి. పీసీసీకి (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే స్లాట్ తీసుకోవచ్చు.

అమ్మానాన్నలకి పిటిషన్ వేసేవాళ్ళు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెప్తున్నా. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969ది, మన దగ్గర అమల్లోకి వచ్చింది 1970 ఏప్రిల్ 1న. అంతకు ముందు ఊళ్ళలో పుట్టినవాళ్ళవి చాలామందివి రికార్డులో ఉండవు. అప్పుడు రికార్డు లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, దాంతో పాటు స్కూలు టీసీ, పుట్టుక తెలిసిన పెద్దవాళ్ళ అఫిడవిట్లు పెట్టాలి. తిరుత్తణి వైపు వాళ్ళు ఇంకా జాగ్రత్త. ఆ తాలూకా 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది, టీసీలో చిత్తూరు జిల్లా అని ఉన్నా రికార్డు అడగాల్సింది ఇప్పుడు తమిళనాడులోనే. ఆ సంగతి అఫిడవిట్‌లో ఒక వాక్యం రాయించండి. పెద్దవాళ్ళు ఓపికగా ఉన్నప్పుడే వాళ్ళ సంతకాలు తీసుకోండి.